విశాఖలో సముద్రం ఎదుట పాత ఇల్లు: అద్దాల గోడ కన్నా ముందు తేల్చుకోవలసినవి

మీ ప్రశ్నను ఇలా అర్థం చేసుకున్నాను. విశాఖలో లాసన్స్ బే కాలనీ ప్రాంతంలో, బీచ్ రోడ్డుకు ఇవతలి పక్కన, 1986లో మీ నాన్నగారు కట్టించిన రెండంతస్తుల డాబా అది. ఇప్పుడు అందులో అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. మీరు తిరిగి వచ్చి ఆమెతో ఉండాలనుకుంటున్నారు. పై అంతస్తు హాలుకు సముద్రం వైపున్న తొమ్మిది అంగుళాల గోడను పూర్తిగా తీసేసి, నేల నుంచి శ్లాబు దాకా అద్దం పెట్టాలని మీ ఆలోచన. మూడడుగుల బాల్కనీని ఇంకో ఐదడుగులు ముందుకు తేవాలి, డాబా మీద ఒక గది వేయాలి, ఆగ్నేయంలోని వంటిల్లు వెనక్కి మార్చి ఆ మూలను కూడా హాల్లో కలపాలి. వంటిల్లు కదపడం అమ్మగారికి ఇష్టం లేదు. పెచ్చులూడిన చోట ప్లాస్టరింగ్ చేస్తే చాలని మేస్త్రీ గారు చెప్పారు. మీరు మమ్మల్ని అడిగింది మాత్రం ఒక్కటే: కిటికీ ఫ్రేములు యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) మంచివా, అల్యూమినియం మంచివా?

దానికి జవాబు కింద ఇచ్చాను. అయితే మీరు జతచేసిన ఫొటోల్లో రెండు నన్ను ఆపేశాయి. ఒకదానిలో వంటింటి పైకప్పు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. రెండోదానిలో బాల్కనీ గోడను కలిసే చోట, పైభాగంలో, పొడవునా ఒక సన్నని పగులు ఉంది. తీరం వెంబడి పాత కాంక్రీటు కట్టడాల మరమ్మతులే నా వృత్తి. మిగతా సమాధానం తీరిగ్గా చదవండి కానీ, ఈ ఒక్క పని ఇవాళే చేయించండి: బాల్కనీ మీదికి ఎవరూ వెళ్లకుండా తలుపు మూయించండి, అక్కడి పూలకుండీలను లోపలి వైపు నిలబడి తీయించండి, కింద ఎవరూ కూర్చోకుండా, బండ్లు పెట్టకుండా చూడండి. కారణం తర్వాత చెబుతాను.

ముందు ఉప్పు సంగతి. మంచి కాంక్రీటులో క్షార గుణం ఎక్కువ, పీహెచ్ 12కు పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం చువ్వ మీద కంటికి కనిపించని ఒక పలుచని పొర ఏర్పడి దాన్ని తుప్పు నుంచి కాపాడుతుంది. ఆ పొరకు శత్రువులు ఇద్దరు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ క్షారాన్ని తగ్గిస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే క్లోరైడ్‌కు అంత ఓపిక అక్కర్లేదు, క్షారం సరిపడా ఉన్నచోట కూడా అది ఆ పొరను చీల్చేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము మొదటి ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చు ఊడుతుంది. అంటే, పెచ్చు ఊడేసరికి లోపల తుప్పు చాలా ఏళ్లుగా సాగుతూ ఉన్నట్టే లెక్క.

1986లో అమల్లో ఉన్నది కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456లో 1978 నాటి కూర్పు. దాని ప్రకారం ఇళ్లకు ఎం15 కాంక్రీటు సరిపోయేది (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), శ్లాబు చువ్వల కింద 15 మిల్లీమీటర్ల కవరింగ్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, చాలు. అదే ప్రమాణం 2000 నాటి కూర్పు తీరప్రాంతపు కాంక్రీటుకు కనీసం ఎం30, కవరింగ్ 45 మిల్లీమీటర్లు ఉండాలంటుంది. సముద్రపు తుంపర నేరుగా తగిలేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. మీ నాన్నగారు లోపం చేయలేదు, ఆనాటి మేస్త్రీ కూడా చేయలేదు, ఆనాటి ప్రమాణమే అంత. ఇన్నేళ్లు ఆ ఇల్లు నిలబడిందంటే పని శ్రద్ధగానే చేశారు. కానీ ఉప్పు ఇప్పుడు చువ్వ దాకా చేరింది.

ఇక ప్లాస్టరింగ్ మాట. ఊడిన చోట మాత్రమే కొట్టి, చువ్వను తీగ బ్రష్‌తో గీకి, కొత్త సిమెంటు పూస్తే ఏడాది రెండేళ్లు బాగానే కనిపిస్తుంది. తర్వాత ఆ అతుకు చుట్టూ కొత్త పెచ్చులు లేస్తాయి. పని సరిగా చేయలేదని మేస్త్రీని తప్పుపడతారు, నిజానికి జరిగేది వేరు. తుప్పు ఒక విద్యుత్ రసాయన చర్య. ఒకే చువ్వలో ఒక భాగం తుప్పు పడుతూ పక్క భాగాన్ని కాపాడుతూ ఉంటుంది. తుప్పు పడుతున్న భాగాన్ని శుభ్రం చేసి కొత్త సిమెంటుతో కప్పగానే, ఇంతకాలం దాని వల్ల కాపాడబడిన పక్క భాగం, ఉప్పు నిండిన పాత కాంక్రీటులో ఉన్న భాగం, ఇప్పుడు తన వంతుగా తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. అందుకే అతుకు అంచునే కొత్త పగులు వస్తుంది. పని ఎంత నాణ్యంగా చేస్తే ఈ తేడా అంత ఎక్కువవుతుంది. కాబట్టి శ్లాబులో ఉప్పు ఎంత లోతున, ఎంత మేర చేరిందో కొలవకుండా అతుకుల పని మొదలుపెట్టవద్దు.

కొలవడానికి నమ్మకమైన పరీక్షలే ఉన్నాయి. విశాఖలో వాటిని చేసే ప్రయోగశాలలు ఉన్నాయి, ఇంజినీరింగ్ కళాశాలల సివిల్ విభాగాలు కూడా చేస్తాయి. అడగవలసినవి ఇవి. కవర్ మీటరుతో చువ్వలు ఎక్కడ, ఎంత లోతున ఉన్నాయో గుర్తించాలి. పగలగొట్టిన తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లాలి. గులాబీ రంగు వస్తే క్షారం మిగిలి ఉంది, రంగు రాకపోతే అక్కడిదాకా పోయినట్టే. చువ్వ విద్యుత్ పీడనాన్ని కొలిచే హాఫ్ సెల్ పరీక్షలో కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడ్‌తో మైనస్ 350 మిల్లీవోల్టుల కన్నా దిగువ అంకె వస్తే ఆ చోట తుప్పు సాగుతూ ఉండే అవకాశం 90 శాతానికి పైనే. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది ఖర్చని వదిలేసేది, క్లోరైడ్ పరీక్ష. శ్లాబులో రంధ్రం వేస్తూ వేర్వేరు లోతుల నుంచి పొడి తీసి అందులో ఉప్పు ఎంతుందో తేలుస్తారు. చువ్వ లోతులో క్లోరైడ్, సిమెంటు బరువులో 0.4 శాతం దాటితే మామూలు అతుకు పని నిలవదని మేము లెక్క వేసుకుంటాం. కాంక్రీటు బలం తెలియడానికి రెండు మూడు చోట్ల కోర్ ముక్కలు, అంటే గుండ్రంగా కోసి తీసే నమూనాలు, తీయించండి. సుత్తి పరీక్ష అంకె ఒక్కటే చూపించి ఇల్లు గట్టిదని ఎవరైనా రాసిస్తే అంగీకరించకండి. ఆ సుత్తి పైపొర గట్టితనాన్ని మాత్రమే చూస్తుంది. పాత కాంక్రీటు పైపొర కార్బన్ డయాక్సైడ్ వల్ల గట్టిపడుతుంది కాబట్టి అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా చూపిస్తుంది.

ఫలితాలు మీ ఖర్చు పట్టికను నిర్ణయిస్తాయి. ఉప్పు తక్కువగా ఉండి, తుప్పు వంటింటి పైకప్పుకు మాత్రమే పరిమితమైతే మరమ్మతు చాలు: కింద జాకీలు పెట్టి, చువ్వ వెనక వేలు పట్టేంత దాకా పాత కాంక్రీటు తీసి, ఇసుక పిచికారీతో చువ్వను లోహపు మెరుపు కనిపించేదాకా శుభ్రం చేసి, సన్నబడిన చువ్వలకు కొత్తవి జతచేసి, పాలిమర్ మోర్టార్‌తో గానీ మైక్రో కాంక్రీటుతో గానీ నింపాలి. అతుకు అంచుల్లో చువ్వలకు జింకు ఆనోడ్‌లు కట్టించండి. ఇనుము బదులు ముందుగా జింకు కరిగిపోతుంది, పైన చెప్పిన అంచు పగులు చాలా ఏళ్లు వాయిదా పడుతుంది. సముద్రం వైపు శ్లాబుల్లో మాత్రం ఉప్పు హద్దు దాటి ఉంటే ఆ శ్లాబులను కోసి తీసేసి కొత్తవి వేయడమే నయం. ఇల్లంతా అదే పరిస్థితి అయితే, మరమ్మతు ఖర్చు కొత్త కట్టడం ఖర్చులో సగం దాటుతుంటే, కూల్చి కట్టడం గురించి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. నాన్నగారు కట్టిన ఇంటి గురించి ఈ మాట రాయడం నాకు సులువు కాదు. కానీ ముప్పై నలభై లక్షలు పైమెరుగులకు పెట్టాక ఈ మాట వినేవాళ్ల బాధ ఇంకా పెద్దది.

బాల్కనీ సంగతికి వస్తాను. రెండు వైపులా ఆనుకున్న శ్లాబులో ప్రధాన చువ్వలు అడుగున ఉంటాయి. గోడలోంచి బయటికి వేలాడే బాల్కనీలో, సన్‌షేడ్‌లో అవి పైభాగంలో ఉండాలి, ఎందుకంటే అక్కడ లాగుడు పైన ఉంటుంది. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు ఆ చువ్వల మీద నడిస్తే అవి కిందికి దిగిపోతాయి. అప్పటి నుంచే బాల్కనీ బలం తగ్గిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. పైగా వాన నీళ్లు నిలిచేది, తుంపర ఎండేది పైభాగం మీదే. కాబట్టి ఉప్పు ముందుగా చేరేది సరిగ్గా ఆ కీలకమైన చువ్వల దగ్గరికే. అడుగున పెచ్చులూడితే కనిపిస్తుంది, పైన టైల్స్ కింద తుప్పు పడితే కనిపించదు. కింది నుంచి చూస్తే శుభ్రంగా ఉన్న బాల్కనీలు కూడా ముందు హెచ్చరిక లేకుండా విరిగి పడేది ఇందుకే. మీ ఫొటోలో పగులు ఉన్నది అక్కడే, గోడను కలిసే చోట, పైముఖం మీద. అందుకే ముందుగా అది మూయించమన్నాను.

ఆ బాల్కనీని ఐదడుగులు పొడిగించడం కుదరదు. పాత శ్లాబు అంచుకు కొత్త చువ్వలు రసాయనంతో అతికించి వేలాడదీస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. వేలాడే భాగం ఎంత పొడవు ఉంటే దానికి ఒకటిన్నర రెట్లు చువ్వలు లోపలి శ్లాబులోకి వెళ్లాలి, లోపల దాన్ని నొక్కి పట్టే బరువు ఉండాలి. మీకు సముద్రం ముందు కూర్చునే విశాలమైన చోటు కావాలి, అది న్యాయమైన కోరికే. దానికి దారి ఉంది: పాత బాల్కనీని జాగ్రత్తగా తొలగించి, నేల నుంచి కొత్త పునాదులు, కొత్త స్తంభాలతో ఎనిమిది అడుగుల లోతు వరండాను వేరే కట్టడంగా వేయండి. పాత ఇంటికి, దానికి మధ్య అంగుళం సందు వదిలి, ఆ సందును సాగే సీలెంటుతో మూయాలి. పాత ఇల్లు దాన్ని మోయనక్కర్లేదు, అది పాత ఇంటిని లాగదు. ముందు వదలవలసిన స్థలం నిబంధన దానికి అడ్డురాకుండా ఉందో లేదో ప్లానులో చూసుకోండి.

ఈ వరండాకు ఎం35 కాంక్రీటు, 50 మిల్లీమీటర్ల కవరింగ్ పట్టుబట్టి చేయించండి. కవర్ బ్లాకులు అదే కాంక్రీటుతో పోసినవి ఉండాలి, కంకర రాళ్లు పెట్టనివ్వకండి. సిమెంటు స్లాగ్ (ఇనుము తయారీలో మిగిలే చిట్టెం) కలిసిన రకం తీసుకోండి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరికి అది కొత్త సరుకేమీ కాదు, స్లాగ్ కలిసిన కాంక్రీటులోకి క్లోరైడ్ చాలా నెమ్మదిగా ఇంకుతుంది. అది బలం పుంజుకోవడం కాస్త ఆలస్యం కాబట్టి నీళ్లు పట్టడం రెండు వారాలు తప్పనిసరి. కలపడానికీ తడపడానికీ మీ బోరు నీళ్లు వాడనివ్వకండి. ఆర్‌సీసీకి, అంటే చువ్వలు వేసిన కాంక్రీటుకు, వాడే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదు, సముద్రం పక్కన బోర్లు చాలాచోట్ల ఈ హద్దు దాటుతాయి. చువ్వలు సైటులో నెలల తరబడి ఉప్పు గాలికి పడి ఉండకుండా, అవసరమైనప్పుడు తెప్పించుకోండి.

గోడ తీయడం గురించి. 1986 నాటి ఇళ్లలో చాలావాటికి స్తంభాలు లేవు, శ్లాబు నేరుగా తొమ్మిది అంగుళాల గోడల మీద కూర్చుంటుంది. మీ ఇంట్లో మూలల దగ్గర ప్లాస్టరింగ్ గీకి చూస్తే తెలుస్తుంది. స్తంభాలు లేకపోతే మీరు తీసేయాలనుకుంటున్నది పైకప్పును మోసే గోడనే. స్తంభాలు ఉన్నా, పక్క నుంచి వచ్చే గాలి తోపుడును అడ్డుకునేది ఎక్కువగా ఇటుక గోడలే. మొత్తం తీయకుండా, మధ్యలో ఎనిమిది అడుగుల వెడల్పు ద్వారం, దానికి ఇరువైపులా మూడడుగుల గోడ, ఆ గోడల్లో కిటికీలు ఉంచమని నా సలహా. ద్వారం చుట్టూ రెండు స్తంభాలు, పైన బీమ్, కింద పునాది దాకా వెళ్లే పూర్తి చట్రం కావాలి. గోడలో రంధ్రాలు చేసి అడ్డదూలాలు దూర్చి, జాకీల మీద పైబరువు నిలిపాకే ఇటుక తీయాలి. ఈ పనికి డ్రాయింగ్ ఇచ్చే ఇంజినీరు, ఇటుక తీసే రోజున సైటులో ఉండాలని ఒప్పందంలో రాయించుకోండి.

డాబా మీద గది వద్దు. ఈ మాట కొట్టివేసినట్టు అనిపించవచ్చు, కానీ పాత గోడలు, పాత పునాదులు, ఉప్పు తిన్న శ్లాబు కలిసి ఇంకో అంతస్తు మోస్తాయని నమ్మడానికి కారణం కనిపించడం లేదు. దానికి బదులు ఉన్న బరువు దించండి. పాత డాబాల మీద కారుడు వచ్చినప్పుడల్లా ఒక పొర ఇటుక ముక్కల సున్నం, దాని మీద టైల్స్, దాని మీద ఇంకో పొర వేస్తూ వస్తారు. నాలుగు అంగుళాల అలాంటి పొర చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. నివాస గదుల నేల మీద మనుషులు, సామాను కోసం లెక్కలో తీసుకునే భారం కూడా సుమారు అంతే. ఆ పొరలన్నీ తీసి, తేలికపాటి వాటర్‌ప్రూఫింగ్, దాని మీద తెల్లని పూత వేస్తే శ్లాబుకు ఊపిరి ఆడుతుంది, కింద గదులు చల్లబడతాయి.

అనుమతుల గురించి క్లుప్తంగా. తీరం పక్కన కట్టడాలను నియంత్రించే తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) మొదటి ప్రకటన 1991 ఫిబ్రవరిలో వచ్చింది, మీ ఇల్లు దానికన్నా ముందుది. తర్వాత 2011లో, 2019లో కొత్త ప్రకటనలు వచ్చాయి. నగర పరిధిలో, ఒడ్డు దాకా కట్టడాలున్న ప్రాంతాన్ని రెండో వర్గంగా చూస్తారు. అందులో ఇప్పటికే ఉన్న రోడ్డుకు ఊరి వైపు కట్టడానికి వీలుంది, సముద్రం వైపు లేదు. బీచ్ రోడ్డుకు ఇవతల ఉండటం మీకు అనుకూలం. కానీ మీ స్థలం పటంలో ఎక్కడ పడుతుందో జీవీఎంసీ పట్టణ ప్రణాళికా విభాగంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. ఆ ఇంటి అసలు ప్లాను 1986లో అప్పటి విశాఖ మునిసిపల్ కార్పొరేషన్ మంజూరు చేసిందై ఉంటుంది, 2005లో అదే జీవీఎంసీ అయింది. ఆ కాగితం ఇంట్లో వెతికించి భద్రపరచండి. అధికారికంగా ఉన్న కట్టడం అని చూపడానికి అదే ఆధారం, వరండా అనుమతికీ అదే మొదటి మెట్టు.

ఇప్పుడు అద్దం. కట్టడాల లెక్కకు విశాఖలో తీసుకోవలసిన గాలి వేగం, గాలి భారాల ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో, సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటినప్పుడు గాలి సుమారు ఆ స్థాయిలోనే వీచింది. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, మామూలు మాటల్లో 150 కిలోల తోపుడు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న ఒకే అద్దం మీద అది దాదాపు 900 కిలోలు. ఇంటి ఎత్తును, చుట్టుపక్కల కట్టడాలను బట్టి ఈ అంకె మారుతుంది, గోడ మూలల దగ్గర బయటికి పీల్చే శక్తి ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక్క అద్దం పగిలితే నష్టం అక్కడితో ఆగదు. గాలి లోపలికి దూరి ఇంటిని లోపలి నుంచి ఉబ్బిస్తుంది, అప్పుడు వెనక కిటికీలు, తేలికపాటి పైకప్పులు బయటికి ఎగిరిపోతాయి. ఇంకో సంగతి: తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్తే గాలి ఒక దిక్కు నుంచి వీచి, కాసేపు ఆగి, ఎదుటి దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది. హుద్‌హుద్ రోజు విశాఖ అది చూసింది. కాబట్టి సముద్రం వైపు ఒక్కటే గట్టిగా చేసి వెనక వైపు మామూలు స్లైడింగ్ కిటికీలు వదిలేయకండి.

నేను కోరేది ల్యామినేటెడ్ అద్దం: రెండు గట్టిపరచిన పలకల మధ్య పారదర్శకమైన పొర ఉంటుంది. టఫెన్డ్ (గట్టిపరచిన) అద్దం ఒక్కటే వాడితే పగిలినప్పుడు చిన్న ముక్కలుగా రాలి ద్వారం ఖాళీ అయిపోతుంది. ల్యామినేటెడ్ పగిలినా ఫ్రేములోనే నిలబడి గాలిని ఆపుతుంది. మందం ఎంతో దుకాణంలో తేల్చే విషయం కాదు, పైన చెప్పిన ఒత్తిడి ఇచ్చి లెక్క అడగండి. పెద్ద పలకలకు బదులు మూడడుగుల వెడల్పు పలకలుగా విభజించండి. చూపుకు నష్టం ఉండదు, ఒకటి పగిలితే మార్చడమూ తేలిక.

మీ అసలు ప్రశ్నకు జవాబు: మీ ఇంటికి అల్యూమినియం. యూపీవీసీ ఉప్పుకు చెక్కుచెదరదు, నిజమే. కానీ ఆ ఎత్తుకు, ఆ గాలికి దాని బలమంతా లోపల దూర్చే ఇనుప గొట్టం మీదే ఆధారపడుతుంది. స్క్రూ రంధ్రాల గుండా ఉప్పు నీరు దాన్ని చేరుతుంది, తుప్పు బయటికి కనిపించదు. అల్యూమినియంలో 25 మైక్రాన్ల అనోడైజింగ్ (విద్యుత్తుతో గట్టిపరచిన ఉపరితల పొర) గానీ, తీరప్రాంతానికి హామీ ఇచ్చే పౌడర్ కోటింగ్ గానీ రాసి ఇచ్చేవారి దగ్గరే తీసుకోండి. వాన జల్లు వచ్చే వైపు స్లైడింగ్ కన్నా బయటికి తెరుచుకుని రబ్బరు అంచు మీద గట్టిగా బిగిసే తలుపులు మేలు, గాలి ఎంత నొక్కితే అవి అంత గట్టిగా మూసుకోవాలి. వెనక పడకగదులకు చిన్న యూపీవీసీ కిటికీలు నిశ్చింతగా పెట్టుకోవచ్చు. స్క్రూలు, కీళ్లు, రెయిలింగ్ అన్నీ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ అని బిల్లులో రాయించండి. 304 రకం ఊరి మధ్యలో బాగుంటుంది, బీచ్ ఎదుట త్వరలోనే గోధుమరంగు మచ్చలు వేస్తుంది. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పును తట్టుకుంటుంది, అయినా వారానికోసారి మంచినీళ్లతో కడగాలి. అల్యూమినియానికి ఇనుప స్క్రూలు తగిలించనివ్వకండి, ఉప్పు తేమలో రెండు లోహాలు కలిసిన చోట ఒకటి ఇంకొకదాన్ని తినేస్తుంది.

ఎండ గురించి ఆర్కిటెక్ట్ గారిని ఒక ప్రశ్న అడగండి. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతుంది, సముద్రం ఉండేది ఆగ్నేయంలో. శీతాకాలంలో సూర్యుడు తూర్పుకు దక్షిణంగా జరిగి ఉదయిస్తాడు, అంటే దాదాపు మీ అద్దం ఎదుటే. తక్కువ ఎత్తులో ఉన్న ఆ ఎండను సన్‌షేడ్ ఆపలేదు, పైగా నీళ్ల మీది మెరుపు కూడా లోపలికి కొడుతుంది. చిత్రాల్లో సాయంత్రపు వెలుగులో అందంగా కనిపించే హాలులో ఉదయం తొమ్మిదికి తెరలన్నీ దించుకుని కూర్చోవలసి వస్తుంది. ఎనిమిది అడుగుల వరండా దీనికి మంచి మందు. వరండా బయటి అంచున జరిపే చెక్క పలకల తలుపులు పెడితే ఉదయం ఎండను, జల్లును ఆపుతాయి, మధ్యాహ్నం నుంచి తెరిచి ఉంచవచ్చు. తుపాను హెచ్చరిక వస్తే మూసి అడ్డగడియలు వేసుకోవచ్చు, అప్పుడు గాలిలో ఎగిరొచ్చే రేకులు, కొమ్మలు అద్దం దాకా రావు.

నీళ్లను చూసే ఇల్లు అంటే నాకు ముందు గుర్తొచ్చేది శ్రీలంకలో బెంతోట దగ్గర దెద్దువ సరస్సు ఒడ్డున ఉన్న లునుగంగ. శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా 1948లో ఆ పాత ఎస్టేటు బంగళా కొని, 2003లో కన్నుమూసే దాకా దాన్ని మారుస్తూనే ఉన్నారు. సరస్సు కనిపించడానికి ఎదుటి గుట్ట తలను కొంత తగ్గించారు తప్ప ఇంటి గోడలన్నీ అద్దాలు చేయలేదు. వరండా, చెట్ల నీడ, వాటి మధ్య నుంచి నీళ్లు. మీ ఆర్కిటెక్ట్‌తో మాట్లాడేటప్పుడు ఆ ఇంటి చిత్రాలు ఒకసారి ఇద్దరూ కలిసి చూడండి.

అమ్మగారి మాట కూడా వినాలి. విశాఖలో సముద్రం ఉన్నది ఆగ్నేయంలోనే, వాస్తు ప్రకారం వంటిల్లు ఉండేదీ ఆగ్నేయంలోనే. అందుకే ఈ ఊరి పాత ఇళ్లలో సముద్రానికి అతి దగ్గరి మూల చాలాసార్లు వంటింటిదే అవుతుంది. మీ వంటింటి శ్లాబు ముందు పాడవడానికి కారణమూ అదే: బయట ఉప్పు, లోపల ఆవిరి. దాన్ని వెనక్కి మార్చాలంటే నీటి గొట్టాలు, మురుగు, గ్యాస్, చిమ్నీ అన్నీ పాత శ్లాబులను తొలిచి మార్చాలి. పాత కాంక్రీటును వీలైనంత తక్కువ తొలవాలనే నా వైపు నుంచి చూసినా ఆమె చెప్పిందే సరి. వంటిల్లు అక్కడే ఉంచి, పొయ్యి గట్టు ముందు నడుము ఎత్తు నుంచి ఒక వెడల్పాటి కిటికీ పెట్టండి. పక్కనే భోజనాల బల్ల వేయండి. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎక్కువసేపు నిలబడ్డ మనిషికి సముద్రం కనిపించాలి కదా. ఆవిరి బయటికి పోయే ఫ్యాను మాత్రం మరవకండి.

మిగిలిన చిన్నవి. పాత జీఐ (జింకు పూత ఇనుప) గొట్టాలన్నీ తీసేసి సీపీవీసీ (ప్లాస్టిక్) గొట్టాలు వేయండి. ఏసీ బయటి యూనిట్లు సముద్రం వైపు గోడకు వద్దు, ఉప్పు గాలికి కాయిల్ త్వరగా పోతుంది, ఊరి వైపు గోడకు పెట్టించండి. మీటరు బోర్డు, స్విచ్ బోర్డులు తేమ చొరబడని పెట్టెల్లో ఉండాలి, ఎర్తింగ్ గుంత కొత్తగా తీయించండి, పాత రాడ్ తుప్పులో కరిగిపోయి ఉండవచ్చు. అమ్మగారి పడకగది కింది అంతస్తులోనే, స్నానాల గదికి మెట్టు లేకుండా ఉంచండి.

వరుస ఇలా పెట్టుకోండి. పరీక్షలు, ప్లాను కాగితాలు ఈ వానాకాలంలో పూర్తి చేయండి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు, అప్పుడు గోడ తెరిచి ఉంచడం ప్రమాదం. జనవరి మొదట్లో జాకీలు పెట్టి శ్లాబు మరమ్మతులు, పాత బాల్కనీ తొలగింపు, వరండా పునాదులు మొదలుపెడితే ఏప్రిల్ కల్లా కాంక్రీటు పని ముగుస్తుంది. గోడ ద్వారం చట్రం ఆరాక, ప్లాస్టరింగ్ అయ్యాకే అద్దాల కొలతలు తీయించండి. చిత్రం చూసి ముందే ఆర్డరు ఇస్తే పాత ఇంట్లో అరంగుళం అయినా తేడా వస్తుంది, ల్యామినేటెడ్ టఫెన్డ్ అద్దాన్ని తర్వాత కోయడం కుదరదు. క్లోరైడ్ నివేదిక చేతికి వచ్చాక, లోతుల వారీగా ఉన్న అంకెలను, కవర్ మీటరు పట్టికను ఇక్కడే పెట్టండి. వంటింటి శ్లాబు మరమ్మతుతో నిలుస్తుందా, మార్చాలా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.